విషానికి గడప ఎక్కడ?

మామ ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో జువాలజీ చెప్పి రిటైరైనాడు. ఇప్పుడు పులివెందుల పక్కన అరటితోట చూసుకుంటున్నాడు. ఆయన మేనకోడలు స్టాటిస్టిక్స్ చదివింది. నీళ్ళలో, నేలలో కలిసిన విషం చేపను, పురుగును, పక్షిని ఏం చేస్తుందో సమీకరణాలతో చెప్పే విద్యను ఏడాదిగా నేర్చుకుంటోంది. సంక్రాంతికి ప్రొద్దుటూరులో కలిసినప్పుడు ఇద్దరికీ మాట మీద మాట పెరిగింది. కనుమ మరునాడు జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోతూ దారి పొడుగునా అదే వాదన. వెంట ఉన్న నేను విన్నది విన్నట్టు రాస్తున్నా. ఇది మన మూడు ఊళ్ళ నీళ్ళ సంగతి. ఇద్దరిలో ఎవరి మాటా తోసిపుచ్చదగింది కాదు.

ప్రొద్దుటూరు, పొద్దున

మామ: ఏడాదిగా కంప్యూటర్ ముందర కూర్చున్నావంట. ఒక్క చేపనన్నా చేత్తో పట్టుకున్నావా అమ్మీ?

కోడలు: లేదు మామా. నువ్వు పట్టుకున్న చేపల లెక్కలే నాకు ముడిసరుకు.

మామ: అదే నా బాధ. ఎం.ఫిల్ చేసేటప్పుడు తిలాపియాలను తొట్లలో ఏసి, పురుగుమందు కలిపి, రాత్రంతా టార్చిలైటు పట్టుకొని కాపలా కాసినా. చేప ముందు పైకొచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది. తర్వాత దిక్కుతెలీకుండా ఈదుతుంది. పక్కకు ఒరుగుతుంది. అప్పుడు చస్తుంది. ఆ వరస కళ్ళారా చూసినోడికే విషమంటే ఏందో తెలుస్తుంది. నాలుగు రోజులకు చచ్చినవాటిని లెక్కపెట్టి, చావుల శాతాన్ని తిన్నటి గీతకు సరిపడేలా మార్చే ప్రోబిట్ పట్టిక చూసుకొని, గ్రాఫు కాగితం మీద గీత గీసి, సగం చేపలు చచ్చే గాఢత తేల్చేవాళ్ళం. అదే ఎల్‌సీ-50. సగం చచ్చే మోతాదు అనే కొలతను 1927లో ట్రెవన్ చెప్పినాడు. ప్రోబిట్‌ను 1934లో బ్లిస్ చెప్పినాడు. అప్పటినుంచి ప్రపంచమంతా దాంతోనే నడుస్తాంది. దానికేం తక్కువైందని ఈ కొత్త లెక్కలు?

కోడలు: నిన్న అటక మీద నీ పాత నోటుబుక్కులు తీసి చూసినా మామా. ఒక పేజీ ఫోటో తీసుకున్నా. చూడు, ఇది నీ చేతిరాతే. రెండు మందులు, ఒక్కో తొట్టిలో పది చేపలు. మొదటి మందు తొట్టిలో 24 గంటలకే ఐదు చచ్చినాయి. 48కీ ఐదే, 72కీ ఐదే, 96కీ ఐదే. రెండో మందు తొట్టిలో 24 గంటలకు ఒక్కటీ చావలేదు. 48కి ఒకటి, 72కి మూడు, 96కి ఐదు.

మామ: గుర్తుంది. రెండూ ఒకటే కటువని తేలింది.

కోడలు: ఒకటేనా? మొదటి తొట్టిలో చావులు ఆగిపోయినాయి. రెండో తొట్టిలో ఇంకా నడుస్తానే ఉన్నాయి. నాలుగో రోజు నువ్వు తొట్టి ఖాళీ చేసినావు కాబట్టి లెక్క ఆగింది. చావు ఆగలేదు. పదిరోజులు ఉంచి ఉంటే ఈ రెండు మందులూ ఒకటే అని రాసేవాడివా?

మామ: థీసిస్‌కు వాళ్ళు అడిగింది 96 గంటల అంకె ఒక్కటే.

కోడలు: నువ్వు రాత్రంతా మేలుకొని రాసుకున్న ఇన్ని అంకెల్లో, థీసిస్‌లోకి ఎక్కింది ఒక్కటే. మిగతావన్నీ అటకెక్కినాయి. నేను నేర్చుకుంటున్న విద్య, నువ్వు పక్కన పెట్టిన ఆ అంకెలనే తిరిగి ఏరుకుంటుంది.

మామ: ఎట్ల?

కోడలు: అడుగున సన్న చిల్లి ఉన్న కుండను నీళ్ళతొట్టిలో నిలబెట్టినట్టు అనుకో. తొట్టిలో నీళ్ళెంత ఎత్తున ఉంటే, కుండలోకి అంత ఎత్తుకు మెల్లగా చేరుతాయి. తొట్టి ఖాళీ చేస్తే, కుండలోవి అదే చిల్లిలోంచి మెల్లగా బయటికి పోతాయి. చేప ఒళ్ళు ఆ కుండ. చిల్లి పెద్దదైతే విషం గబగబా నిండుతుంది, సన్నదైతే రోజులు పడుతుంది. కుండలోపల ఒక గీత ఉంటుంది. విషం ఆ గీతకు కింద ఉన్నంతసేపు ఒళ్ళు తట్టుకుంటుంది. గీత దాటినాక, ఎంత దాటితే చావు అంత దగ్గరపడుతుంది. ఆ గీతను నేను గడప అంటా. మన కడప జిల్లా పేరే గడప నుంచి వచ్చిందంటారు కదా మామా, దేవుని గడప.

మామ: పేరు బాగానే పెట్టినావు. అయితే మొత్తం లెక్కకు ఎన్ని అంకెలు కావాలి?

కోడలు: నాలుగు. చిల్లి సైజు ఒకటి, గడప ఎత్తు ఒకటి, గడప దాటినాక చంపే వేగం ఒకటి, విషంతో పనిలేకుండా మామూలుగా చచ్చే చేపల లెక్క ఒకటి. కోయ్‌మన్ అనే డచ్చాయన 1979 నుంచి, ప్రాణి తిన్న తిండిని పెరగడానికి, పిల్లలు పెట్టడానికి ఎట్ల పంచుకుంటుందో సమీకరణాలు కట్టినాడు. 1996లో వాటిని విషానికి అన్వయించినారు. 2011లో బతుకు, చావుల లెక్కలన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చి గట్స్ అని పేరు పెట్టినారు. 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ పురుగుమందుల పరిశీలనలో ఈ పద్ధతి ఎట్ల వాడాలో తన శాస్త్రీయ అభిప్రాయం ప్రకటించింది.

మామ: పేర్లు, సంవత్సరాలు వదిలెయ్యి. నా తొట్టికి నీ లెక్క కొత్తగా ఏం చెప్తుందో చెప్పు.

కోడలు: ఒక అంకె అనుకుందాం. చిల్లి వేగం రోజుకు 0.1. అప్పుడు నాలుగు రోజులకు కుండ నిండేది బయటి మట్టంలో 33 శాతమే. ముప్పై రోజులకు 95 శాతం. గడప లీటరుకు 10 మైక్రోగ్రాములకు సమానం అనుకో. నాలుగు రోజుల పరీక్షలో ఆ గడప తాకాలంటే నీళ్ళలో 30 ఉండాలి. నెల రోజులు మందు నీళ్ళలోనే బతికే చేపకు పదిన్నర చాలు. చేప అదే, మందు అదే, గడపా అదే. నువ్వు తొట్టి ఖాళీ చేసిన రోజును బట్టి మందు మూడింతలు మంచిదిగా కనిపించింది.

మామ: (కాసేపాగి) మనూరు బంగారం ఊరు. గీటురాయి మీద ఒక్క గీత గీసి, ఆసిడ్ చుక్క ఏసి, మచ్చు ఎంతో చెప్పేస్తారు. నా ఎల్‌సీ-50 గీటురాయి. దాన్ని తప్పంటే ఎట్ల?

కోడలు: తప్పనలేదు. గీటు పైపూత సంగతి చెప్తుంది. లోపల రాగి ఎంతుందో కరిగిస్తే గానీ తెలీదని ఆ కంసాలే చెప్తాడు. ఇంకోటి చెప్తా విను. ‘ఏ ప్రభావమూ కనిపించని గాఢత’ అని రిపోర్టుల్లో ఒక అంకె రాస్తారు కదా. మంచినీళ్ళ తొట్టిలో పదికి పదీ బతికినాయి. మందు తొట్టిలో పదికి రెండు చచ్చినాయి. స్టాటిస్టిక్స్ పరీక్ష పెడితే ఈ తేడా యాదృచ్ఛికంగానూ రావొచ్చని తేలుతుంది. దాంతో ‘ప్రభావం లేదు’ అని రాసేస్తారు. అదే వందకు ఇరవై చచ్చి ఉంటే తేడా ఖాయమని తేలేది. రెండు చోట్లా చచ్చింది ఐదో వంతే. చేపలు తక్కువ పెట్టినోడికి మందు మంచిదన్న సర్టిఫికెట్టు దొరికింది. ఈ అంకెను మానుకోవడం మంచిదని 1990ల చివర్లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రిపోర్టే చెప్పింది.

మామ: అది మాత్రం నిజం. పరీక్ష ఎంత నాసిరకంగా చేస్తే మందు అంత మంచిదైపోతుంది. నేనూ చూసినా.

కోడలు: నా తప్పూ ఒకటి చెప్తా. మొదట్లో ఒక పట్టికలో ప్రతిరోజూ కొత్తగా చచ్చిన చేపల లెక్కను, అప్పటిదాకా చచ్చిన మొత్తం అనుకొని ఎక్కించినా. కంప్యూటర్ చక్కగా నాలుగు అంకెలూ ఇచ్చింది. వారం తర్వాత గ్రాఫు గీసి చూస్తే, మూడో రోజు చచ్చిన చేపలు నాలుగో రోజు లేచి ఈదుతున్నట్టు ఉంది. అప్పటినుంచి ముందు గ్రాఫు గీసుకోకుండా ఏ సమీకరణం జోలికీ పోను.

మామ: చూసినావా! చేపను పట్టుకున్నోడు ఆ తప్పు చెయ్యడు.

జమ్మలమడుగు, మధ్యాహ్నం

పెన్న ఒడ్డున కారాపినాం. దారి పొడుగునా నల్లరేగడి, శనగ చేలు. ఒక చేలో ఎవరో వీపు మీద పంపు కట్టుకొని మందు కొడుతున్నారు.

మామ: ఇప్పుడు చెప్పు. నీ తొట్టిలో నీళ్ళు నెలంతా ఒకే తీరుగా ఉంటాయి. ఏట్లో యాడుంటాయి? శనగకు పచ్చపురుగు పడితే నాలుగు రోజులు మందు కొడతారు. వాన పడితే కాలవలో పడుతుంది, తర్వాత కొట్టుకుపోతుంది. చేపకు ఒక వారం విషం, మూడు వారాలు మంచినీళ్ళు. నీ లెక్కకు ఇది అందుతుందా?

కోడలు: నా లెక్క పనికొచ్చేదే ఇక్కడ మామా. అవే అంకెలు తీసుకుందాం. నెలలో నాలుగు రోజులు నీళ్ళలో 40 మైక్రోగ్రాములు, మిగతా ఇరవయ్యారు రోజులు సున్నా. నెల సగటు ఎంత?

మామ: ఐదుకు కొంచెం పైన.

కోడలు: గడప 10. సగటు చూసిన ఆఫీసరు ‘గడపలో సగమే, భయం లేదు’ అని సంతకం పెడతాడు. కుండ లెక్క ఏమంటుంది? 40లో 33 శాతమంటే 13. నాలుగో రోజుకే విషం గడప దాటింది. చేప చచ్చేది నెల సగటుతో కాదు, ఆ నాలుగు రోజులతో. మిగతా ఇరవయ్యారు రోజుల మంచినీళ్ళు చచ్చిన చేపను లేపవు.

మామ: బాగుంది. అయితే ఇంకో చిక్కు. నీ కుండలో అన్ని చేపలకూ గడప ఒకే ఎత్తున ఉంది. నా మొదటి తొట్టిలో ఐదు చచ్చి, ఐదు చివరిదాకా చలాకీగా ఈదినాయి. ఒకే గడపైతే అన్నీ చావాల కదా?

కోడలు: రెండు దారులున్నాయి. ఒక దారిలో చేపలన్నీ ఒకటే, గడప దాటినాక ఏది ఎప్పుడు చస్తుందనేది లాటరీ లాంటిది. రెండో దారిలో ఒక్కో చేపకు ఒక్కో ఎత్తున గడప ఉంటుంది. తక్కువ ఎత్తువి ముందే పోతాయి, మిగతావి నిలబడతాయి. నీ మొదటి తొట్టి రెండో దారికి సరిపోతుంది. ఏది నిజమో తెలీనప్పుడు రెండు దారుల్లోనూ లెక్కకట్టి రెండు జవాబులూ చూపించాల. ఒకటి దాచిపెడితే మోసమే.

మామ: అమ్మీ, ఇక్కడే నా అసలు మాట. కారణం ఏందో తెలిసినాకే నీ లెక్క పనికొస్తుంది. నా చిన్నప్పుడు ఈ ఏటి ఒడ్డున గొడ్డు చస్తే రాబందులు గుంపులుగా దిగేవి. తర్వాత అవి మాయమైపోయినాయి. ఏ సమీకరణం చెప్పింది ఎందుకో? చచ్చిన పక్షుల పొట్ట కోసి చూసినోళ్ళు చెప్పినారు. కిడ్నీలు చెడిపోయి, లోపలి అవయవాల మీద సుద్దపొడి మాదిరి యూరిక్ ఆమ్లం పేరుకొని ఉండాది. గొడ్లకు వేసే నొప్పి మందు డైక్లోఫెనాక్ దానికి కారణమని 2004లో తేలింది. కత్తి పట్టినోడు కనిపెట్టినాడు, కాగితం పట్టినోడు కాదు.

కోడలు: ఒప్పుకుంటా. మోడల్‌లో లేని కారణాన్ని మోడల్ కనిపెట్టదు. అయితే ఆ కథకు రెండో సగం ఉంది. కారణం బయటపడినాక అందరూ అడిగిన ప్రశ్న ఏంది? మందేసిన గొడ్లు ఎన్ని, అవి మందేసిన రెండు మూడు రోజుల్లోనే చచ్చి రాబందుల నోట పడేవి ఎన్ని? ఇంత తక్కువతో కోట్ల పక్షులు ఎట్ల పోతాయి? అదే 2004లో రాబందుల జనాభా లెక్క కట్టి చూసినారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, ఎన్నో ఏళ్ళు బతకాల్సిన పక్షి. ఒక్క కళేబరం మీద గుంపంతా దిగుతుంది. 760 కళేబరాల్లో ఒకటి నుంచి 130 కళేబరాల్లో ఒకటి వరకు, ఆ మాత్రం వాటిలో చంపేంత మందుంటే చాలు, కళ్ళముందు జరిగిన పతనమంతా దాంతోనే జరుగుతుందని తేలింది. ‘ఇంత తక్కువతో ఏం కాదులే’ అనే నోళ్ళు దాంతో మూతపడినాయి. 2006లో మన దేశం పశువులకు ఆ మందు నిషేధించింది.

మామ: కత్తి ముందు, కాగితం తర్వాత. వరస మార్చొద్దు.

కోడలు: మార్చను. కాగితం లేకుండా కత్తి మాట ఢిల్లీ దాకా పోదని మాత్రం నువ్వు ఒప్పుకో.

పులివెందుల, సాయంత్రం

ముద్దనూరు, తొండూరు దాటి సందెవేళకు తోట చేరినాం. మామ ఒక అరటి ఆకు వంచి చూపించినాడు. అంచు పొడుగునా వేలెడు వెడల్పున ఎండి, గోధుమరంగుకు తిరిగి ఉంది. దాని లోపల సన్నటి పసుపు గీత. దాని లోపల ఆకు పచ్చగానే ఉంది.

మామ: దీన్ని చూడు. ఇంత లెక్క నేర్చినావు కదా, దీనికి కారణం చెప్పు.

కోడలు: ఆకు చూసి చెప్పలేను. నీళ్ళలో ఉప్పు పెరిగిందేమో చూడాల. పొటాష్ తక్కువైనా అంచులు ఎండుతాయి.

మామ: నా బోరు సంగతి వదిలెయ్యి, వేముల మండలంలో ఏం జరిగిందో నీకు తెలుసు. తుమ్మలపల్లెలో యురేనియం గనికి, కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని మొదలైంది. వేంపల్లె సున్నపురాయిలో ఉండే యురేనియం అది. ఆసిడ్ పోస్తే సున్నపురాయే తాగేస్తుంది కాబట్టి సోడియం కార్బొనేట్ పెట్టి క్షారంతో కరిగిస్తారు. మిగిలిన బురద గొట్టంలో కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు పోతుంది. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు మారిపోయినాయని, అరటి ఎండిపోతాందని, ఒంటి మీద దద్దులు లేస్తున్నాయని మొత్తుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి, గని నడిపే సంస్థకు నోటీసిచ్చింది. సంస్థేమో తమ వల్ల కాదని చెప్పింది. ఈ తగవులో నీ మోడల్ ఎవరి పక్క?

కోడలు: ఎవరి పక్కా కాదు, ముందు కొలతల పక్క.

మామ: అట్ల తప్పించుకోవద్దు. మోడల్ వకీలు లాంటిది. ఎవరు ఫీజిస్తే వాళ్ళ కేసు వాదిస్తుంది. డబ్బున్న సంస్థ మంచి మోడల్ చేయిస్తుంది. రైతు చేతిలో ఎండిన ఆకు ఒక్కటే. లోపల ఏం అనుకున్నారో, ఏ అంకె ఎట్ల పెట్టినారో మాకు తెలీదు. నూరు పేజీల రిపోర్టు చివర ‘ప్రమాదం లేదు’ అని ఒక్క వాక్యం ఉంటుంది.

కోడలు: అందుకే మనవాళ్ళు ఇది నేర్చుకోవాలంటున్నా మామా. వకీలు భాష రానోడు కోర్టులో ఓడిపోతాడు. రిపోర్టు చూసినోడు నాలుగు ప్రశ్నలడగగలగాల. ఏ ప్రాణి మీద పరీక్ష చేసినారు? ఎన్ని రోజులు? ఎన్ని ప్రాణులు? గడప ఎంతని పెట్టినారు, ఎంత అటూ ఇటూ? ఈ నాలుగింటికి జవాబు లేని రిపోర్టు రిపోర్టే కాదు. మన తెలుగాయన సి.ఆర్. రావు 1945లోనే నిరూపించినాడు: చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో, మన అంచనా కచ్చితత్వం అంతకు మించి పోలేదని. పది చేపల డేటాతో వెంట్రుకవాసి కచ్చితత్వం చూపించే మోడల్ ఎవరిదైనా అబద్ధమే, నాదైనా సరే.

మామ: సరే, నీ గడప సంగతే తీసుకుందాం. తాగే నీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 60 దాకా ఉండొచ్చని మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పింది. బోరులో 45 ఉందనుకో. ఒక గడప దాటినాం, ఇంకో గడప దాటలేదు. మనిషి కిడ్నీ ఒకటే కదా, దానికి రెండు గడపలెట్ల ఉంటాయి?

కోడలు: అవి ఒంట్లోని గడపలు కావు మామా. ఒంట్లోని గడప ఎక్కడో అంచనా కట్టి, మన తెలియనితనానికి కొంత వెనక్కి జరిగి, గీసుకున్న కంచెలు. యురేనియం విషయంలో జనం రేడియేషన్‌కు భయపడతారు. నీళ్ళలో తాగేటప్పుడు ముందుగా చూడాల్సింది అది రసాయనంగా కిడ్నీకి చేసే చెరుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె దాన్నే లెక్కలోకి తీసుకుంది. గడపకు ఎంత దూరంలో కంచె వెయ్యాలో లెక్క చెప్పదు. అది మనుషులు కూర్చొని తేల్చుకోవాల్సింది.

మామ: ఇప్పుడు నా మాటకొచ్చినావు. ఆ కూర్చునే మనుషుల్లో ఆ నీళ్ళు తాగేవాళ్ళు ఉండాల.

కోడలు: ఉండాల. దాంట్లో వాదం లేదు. నీ జువాలజీ ఇంకోచోట నాకు కావాల. ఈ నీళ్ళు సున్నపురాయి నీళ్ళు. కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ. అవి యురేనియంతో జతకడితే చేప మొప్పల్లోంచి లోపలికి దిగడం తగ్గుతుంది. అంటే మెత్తటి నీళ్ళలో చేసిన పరీక్ష అంకె ఇక్కడి చేపకు సరిపోదు.

మామ: అంటే ఇక్కడ విషం తక్కువనా?

కోడలు: చేపకు కొంత తక్కువ. అయితే అదే జత వల్ల యురేనియం రాళ్ళకు, మట్టికి అంటుకోకుండా భూగర్భజలంతో పాటు దూరం పోతుంది. ఒక చేత్తో మేలు, ఇంకో చేత్తో కీడు. వేరే దేశపు అంకెలు తెచ్చి ఇక్కడ అతికించినోడికి ఈ రెండూ కనపడవు.

మామ: సంస్థ ఇంకో మాట కూడా అనొచ్చు. ఈ రాళ్ళలోనే యురేనియం ఉంది, నీళ్ళలో అది మొదట్నుంచీ ఉండేదే, గని రాకముందు కూడా ఉండేదని. దాన్నెట్ల తేలుస్తావు?

కోడలు: ఒక్క యురేనియంతో తేల్చలేను. రాతిలోంచి సహజంగా వచ్చే నీళ్ళకు ఒక ముద్ర ఉంటుంది. సోడియం కార్బొనేట్‌తో నడిచే పని నుంచి వచ్చే నీళ్ళలో సోడియం కూడా పెరగాల. దగ్గరి బోర్లలో ముందు, దూరపు బోర్లలో తర్వాత కనిపించాల. ఆకు అంచులు ఎండడానికీ, నేల చౌడు పట్టడానికీ సోడియమే కారణం కావొచ్చు, యురేనియం పేరు మాత్రం అందరి నోళ్ళలో నలుగుతుండవచ్చు. ఇవన్నీ తేలాలంటే ఒక్కటే కావాల: తేదీలతో ఉన్న కొలతలు. ఏ బోరు, ఎంత లోతు, ఏ నెల, ఎంత. గని రాకముందు ప్రతి ఊర్లో ఒక్కరు ఒక నోటుబుక్కు పెట్టి ఉంటే ఈ తగవు సగం ఎప్పుడో తేలిపోయేది.

మామ: అంటే అంతదాకా రైతు ఆగాలనా? నువ్వు లెక్క కట్టేలోపల తోట పోతుంది అమ్మీ. నీళ్ళు చెడినాయని రైతు చెప్పిన రోజే మంచినీళ్ళ ట్యాంకరు రావాల. కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ఈ మాట దగ్గర నేను తగ్గను.

కోడలు: తగ్గొద్దు. దాహానికి లెక్క అక్కర్లేదు. కారకుడు ఎవరో తేల్చి పరిహారం కట్టించడానికే లెక్క కావాల. దానికి ఎండిన ఆకు ఒక్కటే సాక్ష్యంగా నిలబడదు.

మామ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మోటారు షెడ్డులోకి పోయి, ఎరువుల లెక్కలు రాసుకునే పుస్తకం తెచ్చినాడు. వెనక ఖాళీ పేజీ తెరిచి గీతలు గీసి, గడులు కట్టినాడు: తేదీ, బోరు లోతు, నీళ్ళ మట్టం, ఈసీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత), వాన, ఆకు. ఆకు అనే గడి ఎందుకని కోడలు అడిగింది. ‘మీటరు కంటే ముందు ఆకు చెప్తుంది. కంటికి కనిపించింది కూడా కొలతే’ అన్నాడు. ఆమె ఆ గడి పక్కన ఇంకోటి గీసింది: అంచు ఎన్ని వేళ్ళ వెడల్పున ఎండింది. ఆమె తెచ్చిన పెన్నులాంటి ఈసీ మీటరును బోరు నీళ్ళ గ్లాసులో ముంచి, మొదటి వరస ఇద్దరూ కలిసి రాసినారు.

నాకు తోచిన తీర్పు చెప్తాను. ప్రాణిని చూడని గణితం గుడ్డిది అనే మామ మాట నిజం. చూసినదాన్ని పారేసుకుని ఒక్క అంకె మిగుల్చుకునే పరీక్ష మోసపోతుందన్న కోడలి మాటా నిజం. నష్టపోయినవాళ్ళ చేతికి ఈ విద్య అందకపోతే అది అవతలివాళ్ళ చేతిలోనే ఉండిపోతుంది. అందుకు డబ్బు అడ్డం కాదు. గట్స్ లెక్కలు కట్టే ఓపెన్‌గట్స్, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల డిగ్రీ కాలేజీల్లో జువాలజీ పిల్లలు ఒక గదిలో, స్టాటిస్టిక్స్ పిల్లలు ఇంకో గదిలో కూర్చుంటున్నారు. వాళ్ళను వారానికి ఒక్క గంట ఒకే బల్ల ముందు కూర్చోబెట్టమని అధ్యాపకులకు నా విన్నపం. రైతులకు చెప్పేది ఇంకా చిన్నది: మీ బోరుకు ఒక పుస్తకం పెట్టండి. ఈరోజు తేదీ వేసి, మొదటి వరస ఇవాళే రాయండి.